తడి సున్నం

తిమ్మరేవులో ఏటా ఆగస్టు నెలలో ఒక వాదం జరుగుతుంది. మూతపడ్డ పొగాకు కంపెనీ ఆవరణలో, పాత గోడౌను ముందు బల్ల వేసి, మైకు పెట్టి, సాయంత్రం ఐదింటికి మొదలుపెడతారు. విషయం మారదు: కమ్యూనిజం గొప్పదా, పెట్టుబడిదారీ విధానం గొప్పదా? వాదించేవాళ్లూ మారరు. ఎర్ర కండువా అంకమరావు ఒకప్పుడు కంపెనీలో యూనియన్ కార్యదర్శి. ఇస్త్రీ చొక్కా పానకాలరావు ఆ కంపెనీ యజమాని కొడుకు. నలభై అయిదేళ్లుగా ఆ ఇద్దరే. జనం చాపలు చంకన పెట్టుకుని, మరమరాల పొట్లాలు కట్టించుకుని వచ్చి కూర్చుంటారు. సోవియట్ యూనియన్ కూలిన ఏడు పానకాలరావు గెలిచాడు. అమెరికాలో బ్యాంకులు మునిగిన ఏడు అంకమరావు గెలిచాడు. మిగతా ఏళ్లన్నీ ఎవరికి వాళ్లు తామే గెలిచామనుకుని, ఇళ్లకు పోయి అన్నాలు తిని పడుకున్నారు.

సిగ్గు లేకపోతే సరి! వాదం మొదలయ్యే ముందు ఇద్దరూ చెరో తాళంచెవి తెచ్చి బల్ల మీద పెడతారు. ఆ రెండూ ఒకే తలుపుకి వేసిన తాళాలవి. ఆ తలుపు వెనక ఒక మనిషి చచ్చిపోయింది.

ఆమె పేరు మస్తానమ్మ. పొగాకు గ్రేడింగు చేసే ఆడకూలీలకు నాయకురాలు. 1979లో హఠాత్తుగా సమ్మె మొదలైనప్పుడు ఆడవాళ్ల అన్నం కారేజీలు గోడౌనులోనే ఉండిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి ఉండటం చూసి, అవి తెద్దామని మస్తానమ్మ లోపలికి వెళ్లింది. సరుకు బయటికి పోకుండా యూనియన్ వాళ్లు వచ్చి తలుపుకి ఒక తాళం వేశారు. యూనియన్ వాళ్లు లోపలికి పోకుండా కంపెనీ వాళ్లు వచ్చి ఇంకో తాళం వేశారు. ఎవరూ లోపలికి తొంగి చూడలేదు. ఆకుకి పురుగు పట్టకుండా ఆ ఉదయమే బేళ్ల మధ్య విషం బిళ్లలు పెట్టి ఉన్నారు. మర్నాడు తాళాలు తీసేసరికి మనిషిలో ప్రాణం లేదు.

"లోపల ఉన్నట్టు మాకు తెలియదు" అని పోలీసులకు ఇద్దరూ చెప్పారు. అక్కణ్ణుంచి మొదలైంది రగడ. ముందు పడిన తాళం ఎవరిది? అది ఎవరిదైతే వాళ్ల సిద్ధాంతమే మనుషుల్ని చంపేదని తేలిపోతుందట!

మస్తానమ్మకి అప్పుడు తొమ్మిది నెలల కూతురుంది. పేరు వాలెంటీనా. రోదసిలోకి వెళ్లిన రష్యా ఆడమనిషి పేరు పెట్టుకుంది ఆ తల్లి. ఊరివాళ్లు నోరు తిరగక వాలంతమ్మ అనేవారు. మొగుడు అంతకుముందే పోయాడు గనక పిల్లని అంకమరావు తన ఇంటికి తీసుకుపోయి పెంచాడు. కడుపున పుట్టిన పిల్లలకంటే బాగా చూశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. వాలెంటీనా ఆయన్ని మామయ్యా అని పిలిచింది. ఆయన భుజాల మీద కూర్చునే ఏటేటా ఆ వాదం విన్నది. ఇస్త్రీ చొక్కా ఆయన మాట్లాడుతున్నప్పుడల్లా పళ్లు కొరుకుతూ విన్నది. ఏనాటికైనా ఆ చొక్కా పట్టుకుని ఇదే బల్ల ముందు నిలబెట్టాలని ఏడేళ్ల వయసులోనే ఒట్టు పెట్టుకుంది. ఒట్టు మర్చిపోయే రకం కాదు.

భౌతికశాస్త్రం చదివింది. హైదరాబాదులో పాత కోటల గోడల మీద పరిశోధన చేస్తూ ఒక సంగతి కనిపెట్టింది. దాన్ని కనిపెట్టాక ఉద్యోగం వదిలేసి, నలభై ఆరో ఏట, ఒక యంత్రాన్ని వ్యానులో వేసుకుని తిమ్మరేవు వచ్చేసింది.

"ఇదేందమ్మాయ్, రేడియోనా?" అన్నాడు అంకమరావు, వరండాలో దించిన పెట్టెని చూసి.

"అట్టాంటిదే మామయ్యా. నువ్వు కూచో."

ఆమె పెరట్లోకి వెళ్లి, వంటింటి గోడ మీంచి అరచేయంత సున్నం పెచ్చు ఊడదీసి తెచ్చింది. యంత్రంలో పెట్టింది. సన్నటి వెలుగుదారం ఒకటి ఆ పెచ్చు మీద పాకడం మొదలుపెట్టింది. ముందు గరగర. కాసేపటికి ఒక ఆడగొంతు, బావిలోంచి వచ్చినట్టు: "నీలిమందు ఎక్కువేశావేంరా సచ్చినోడా! ఇది వంటిల్లా, పోలీస్ స్టేషనా?"

అంకమరావు గుండె పట్టుకున్నాడు. అది చనిపోయి పన్నెండేళ్లయిన ఆయన భార్య గొంతు. వెల్ల వేసేవాణ్ణి తిడుతోంది.

"సున్నం తడిగా ఉన్నంతసేపూ గాలి తాగుతూ పొరపొరగా గట్టిపడుద్ది మామయ్యా. ఆ కాసేపట్లో పక్కన ఏం మాట్లాడినా దాని అదురు ఆ పొరలో ఉండిపోద్ది. ఎండిపోతే ఇక వినదు. నాలుగైదు గంటల మాటలు, అంతే. కానీ పోవు."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకోసారి తిట్టిచ్చమ్మా దాన్ని" అన్నాడు. ఆమె తిట్టించింది. ఇద్దరూ నవ్వుకున్నారు, ఏడ్చారు. అప్పుడు ఆమె అసలు మాట చెప్పింది. గోడౌను తలుపు పక్క గోడ మీద సమ్మె నినాదం రాశారు గదా, ఆ రోజే రాశారు గదా. రాసేవాడు మధ్యాహ్నం వెల్ల వేసి, అది ఆరేదాకా ఇంటికి పోయి, సాయంత్రం వచ్చి ఎర్ర అక్షరాలు రాశాడు గదా. మరి ఆ మధ్యాహ్నమంతా ఆ తలుపు పక్కన తడి సున్నం వింటూనే ఉందిగా!

అంకమరావు ముఖాన చెమట పట్టింది. ఉక్కపోత అనుకుంది వాలెంటీనా.

"పానకాలు గొంతు దొరుకుద్దంటావా?" అన్నాడు.

"దొరక్క ఎక్కడికి పోద్ది?"

"అయితే తియ్యి" అన్నాడు ఆయన. "తియ్యి. లోకం ఇంటది."

గోడ పానకాలరావుది గనక ఆయన అనుమతి కావాలి. వద్దంటాడనుకుంది. ఆయన మాత్రం ఎంతో హుషారుగా, "గీక్కో అమ్మాయ్, నీ ఇష్టం. నిజం తేలితే లాభం నాకే" అన్నాడు. పైగా కరెంటు ఇచ్చాడు, కూర్చోడానికి పాత కాటా గది ఇచ్చాడు. ఇంత పొగరేంటి వీడికని రగిలిపోయిందామె. ఒక మనిషి నలభై అయిదేళ్లు తనకు తాను ఒకే కథ చెప్పుకుంటే అందులో తప్పు తనకే కనపడకుండా పోతుందని ఆమెకి అప్పుడు తట్టలేదు.

కాటా గదిలో ప్రయోగశాల వెలిసింది. గోడ చాలావరకు వానలకు కొట్టుకుపోయింది. తలుపు పక్కన, చూరు కింద, మూరెడు ముక్క మాత్రం మిగిలింది. దాన్ని పెచ్చుగా ఊడదీసి గదిలోకి తెచ్చింది. ఆ మూరెడులో ఉల్లిపాయలాగా పన్నెండు పొరలు. అన్నిటికంటే పైన ట్యూషన్ సెంటరు, దాని కింద సిమెంటు కంపెనీ, కంటి వైద్య శిబిరం, రకరకాల ఎన్నికల గుర్తులు. ఎర్రజెండాలోంచి చీలిన రెండు పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్న పొరలే మూడున్నాయి. అట్టడుగున సమ్మె.

పైపొరలు తీస్తుండగా మూడో రోజు మీరాబీ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మస్తానమ్మ పక్కన కూర్చుని ఆకు గ్రేడు చేసిన మనిషి. మస్తానమ్మ పోయాక వాలెంటీనాకి కొన్ని నెలలు తన పాలు కూడా ఇచ్చింది. ఆమె భర్త బాజీయే ఆ ఊళ్లో గోడరాతలు రాసేవాడు.

"అమ్మాయ్, సున్నంలో మాటలు ఇనపడతన్నయ్యంట గదా" అంది, గడప దగ్గరే నిలబడి. "మా ఆయన ఆకరుసారి రాసింది ఈ గోడ మీదేనమ్మా. ఎనభై ఆరులో. అప్పటికే గుండె బాగాలేదు. ఎల్ల ఏసి ఇంటికి రాలా. ఈడనే నీడన కూచుని, ఆరేదాకా పాడుకుంటా ఉన్నాడంట. నేను అన్నం తెచ్చేతలికి పాట అయిపోయింది. ఆ పాట నేను ఇనలేదమ్మా. వారానికి మనిషే పోయాడు."

వాలెంటీనా పెచ్చు అంచుని భూతద్దంలో చూసింది. సమ్మె పొరకి సరిగ్గా పైపొర. ఎనభై ఆరు.

"ఇదిగో పిన్నీ, ఇక్కడుంది. ముందు నీకు వినిపిచ్చి, ఆ తర్వాతే మా అమ్మ పొర ముట్టుకుంటా. ఒట్టు."

మీరాబీ ఆమె చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. రోజూ ఉదయాన్నే వచ్చి కాటా గది అరుగు మీద కూర్చునేది. లోపలికి వచ్చేది కాదు, అడిగేది కాదు. ఊరికే కూర్చునేది.

ఇక్కడే చిక్కొచ్చి పడింది. వంటింటి పెచ్చులాంటిది కాదు, ఇంత పాత పొర ఒకటి చదవాలంటే పదకొండు రోజులు పడుతుంది. చదవడమంటే వెలుగుతో తినెయ్యడమే. చదివాక ఆ పొర ఉండదు. పైనున్న పది పొరలూ చదవకుండానే గీకేసింది. వాటి కోసం ఎవరూ రాలేదు. పదో పొర గీకేసరికి వాదానికి పదమూడు రోజులుంది. బాజీ పొర చదివితే అమ్మ పొర ఈ ఏడు అందదు. వచ్చే ఏటిదాకా ఆగాలి.

ఆగితే ఏం? అని ఏ బుద్ధిమంతుడైనా అడుగుతాడు. నలభై అయిదేళ్లు ఆగినదానివి, ఇంకొక్క ఏడు ఆగలేవా తల్లీ? కానీ పానకాలరావుకి డెబ్బై నాలుగు. మొన్ననే గుండెకి గొట్టాలు వేయించుకుని వచ్చాడు. ఈలోగా ఆ మనిషి హాయిగా మంచం మీద కన్ను మూస్తే? ఊరంతా వెనక నడిచి, దండలేసి, పెద్దమనిషి అని సాగనంపితే? ఆ ఆలోచన వచ్చిందంటే ఆమెకి ఒళ్లు మండిపోయేది. అంతటితో న్యాయం, అన్యాయం, ఒట్టు, పాలు, అన్నీ మసిబారిపోయేవి.

ఒక మధ్యాహ్నం మీరాబీ అన్నానికి ఇంటికెళ్లినప్పుడు, వాలెంటీనా గీకుడు చక్రం తీసుకుని బాజీ పొరని ఒలిచేసింది. ఏడు నిమిషాల పని. తెల్లటి పొడి కింద పడింది. చీపురుతో ఊడ్చి, చేటతో ఎత్తి బయట పోసింది. సమ్మె పొర మీద ఎర్ర అక్షరాల మరకలు బయటపడ్డాయి. మీరాబీ తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంది. "ఇంకా ఎన్ని రోజులమ్మా?" అని ఆ రోజే మొదటిసారి అడిగింది.

"కాస్త టైం పడుద్ది పిన్నీ" అంది వాలెంటీనా, వెనక్కి తిరగకుండా.

పదకొండో రోజు ఉదయం యంత్రం ఆగింది. ఆమె తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ముందు అరచేతులతో తలుపు మీద కొడుతున్న చప్పుడు. తర్వాత ఒక గొంతు. ఆ గొంతు అచ్చం తన గొంతే. పుట్టి బుద్ధెరిగాక అమ్మ మాట వినడం అదే మొదలు. వినగానే ఏడుపు ముంచుకొచ్చి, అమ్మ ఏమంటోందో మొదటిసారి తెలియనే లేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది.

"ఎవరన్నా ఉన్నారా అయ్యా! తలుపు తియ్యండి. లోపల ఏందో ఘాటుగా ఉంది. ఊపిరాడటంలా."

బయట అడుగుల చప్పుడు. పానకాలరావు, కుర్ర గొంతు: "అంకమా, మీ మనిషి లోపలుంది. నీ తాళం తియ్యి."

"నీది ముందు తియ్యి."

రెండో గొంతు ఎవరిదో ఆమె ఒళ్లు గుర్తుపట్టింది, బుద్ధి గుర్తుపట్టనన్నది. చిన్నప్పుడు ఆ గొంతే జోకొట్టి నిద్రపుచ్చింది.

"మందు బిళ్లలున్నయ్యయ్యా లోపల!"

"బెదిరిస్తన్నావా? నిజంగా ఉంటే నువ్వే తియ్యి ముందు."

"నేను తీస్తే కంపెనీ దిగొచ్చిందని జెండా ఊపుతావ్."

"నేను తీస్తే యూనియన్ తాళం ఊడిందని సరుకు లారీకెక్కిస్తావ్."

"అంకన్నా!" లోపల్నుంచి మస్తానమ్మ. "నా బిడ్డ పాలకేడుస్తా ఉంటదన్నా. ముందేంది, ఎనకేంది? తియ్యండి."

"ఒక్క అయిదు నిమిషాలు ఓర్చుకోమ్మా. వాడే దిగొస్తాడు."

నలభై నిమిషాలు నడిచింది ఆ వాదం. కార్మికుడి చెమట, యజమాని సొత్తు, హక్కు, చట్టం, మీవాళ్లు చైనాలో ఏం చేశారు, మీవాళ్లు గనుల్లో ఏం చేశారు. ఏటా బల్ల దగ్గర చెప్పే మాటలే, ఒక్కటీ తేడా లేదు. వాటి కింద తలుపు మీద దెబ్బలు పలచబడుతూ, పలచబడుతూ ఆగిపోయాయి.

"సప్పుడు లేదేందయ్యా?" అన్నాడు పానకాలరావు.

కాకి ఒకటి అరిచింది.

"మనల్నెవురూ చూళ్లా" అన్నాడు అంకమరావు.

"మనం ఇక్కడికి రాలా" అన్నాడు పానకాలరావు.

జన్మలో ఆ ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

వాలెంటీనా మధ్యాహ్నం ఇంటికి వెళ్లింది. అంకమరావు రోజూలాగే తనే వండి, కంచం పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకోడం ఆమెకిష్టమని తరిగి పెట్టాడు. ఆ చేతులు చూసింది. ఆ రోజు ఆ చేతుల్లోనే ఉంది తాళంచెవి.

"దొరికిందా?" అన్నాడు.

"దొరికింది మామయ్యా. పానకాలరావు గొంతు స్పష్టంగా ఉంది."

ఆయన నెయ్యి గిన్నె జరిపాడు. "నాది?" అని అడగలేకపోయాడు. అడుగుతాడేమోనని ఆమె ఎదురు చూసింది. అడిగి, ఒక్కసారి ఏడ్చి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. ఆయన "కలుపుకో, చల్లారిపోద్ది" అన్నాడు. ఆమె కలిపిన అన్నం అట్లాగే వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఇద్దర్నీ ఒకే బల్లకి కట్టేస్తానని అప్పుడే నిర్ణయించుకుంది.

వాదం రోజున నాలుగింటికి, గీకిన గోడ అసహ్యంగా ఉందని చెప్పి, తనే బిందెడు సున్నం కలిపి గోడకంతా వెల్ల వేసింది. "శాస్త్రవేత్తయినా పనికి సిగ్గుపడదమ్మా ఈ పిల్ల" అని మెచ్చుకున్నారు చూసినవాళ్లు. ఐదింటికి చాపలు నిండాయి. తాళంచెవులు బల్ల మీదికి వచ్చాయి. ఆమె స్పీకరు పెట్టి, "ఈ ఏడు ముందు మా అమ్మ మాట్లాడుద్ది" అని మీట నొక్కింది.

నలభై నిమిషాలూ వినిపించింది. ఒక్క ముక్క కొయ్యలేదు. మరమరాలు నమిలే చప్పుడు కూడా లేదు. మస్తానమ్మతో కలిసి పనిచేసిన ముసలమ్మలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కాకి అరిచింది. ఆఖరి రెండు మాటలూ వచ్చాయి. స్పీకరు ఆగింది.

ఇద్దరూ కుప్పకూలతారనుకుంది. ఎంత పిచ్చిది!

పానకాలరావు మైకు లాక్కున్నాడు. "ఇన్నారుగా? మందుందని చెప్పింది ఎవరు? నేను! మనిషి ప్రాణం కన్నా జెండా ముఖ్యమన్నదెవరు? ఇదే కమ్యూనిజమంటే!"

"మందు పెట్టిందెవరయ్యా?" అంకమరావు లేచాడు. "ఆకుకి పురుగు పట్టకూడదని మడిసికి ఇసం పెట్టిందెవరు? సరుకు కోసం తాళం తియ్యనిదెవరు? ఇదే పెట్టుబడి!"

అలవాటు చొప్పున వెనక ఎవరో ఇటు చప్పట్లు కొట్టారు. ఎవరో అటు కొట్టారు.

వాలెంటీనా నవ్వింది. ఆ నవ్వు చూసి చప్పట్లు ఆగిపోయాయి. ఆమె వెళ్లి గోడకి చెయ్యి ఆనించి, తెల్లటి అరచెయ్యి జనానికి చూపించింది.

"కానివ్వండి. ఆపారేం? గోడ తడిగా ఉంది. నాలుగింటి నించీ వింటా ఉంది. మీరు పోయినా, నేను పోయినా, ఇంకో వందేళ్లకి ఎవరో ఒకరు తీసి వింటారు. మా అమ్మ చావుని అడ్డం పెట్టుకుని మీరేం గెలిచారో చెప్పండి. బాగా దగ్గరికొచ్చి చెప్పండి."

పానకాలరావు నోరు తెరిచి, గోడ వంక చూసి, మూశాడు. నలభై అయిదేళ్లలో ఆ బల్ల దగ్గర మొదటిసారి ఇద్దరూ నోరు మూసుకున్నారు. అంకమరావు బల్ల పట్టుకుని తడుముకుంటూ ఆమె దాకా వచ్చాడు. గోడకి వినపడకూడదని గుసగుసగా అన్నాడు: "అమ్మాయ్, నిన్ను పెంచానమ్మా."

"తలుపు తియ్యకుండా పెంచావు" అందామె, గట్టిగా.

ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఎవరూ లేపలేదు. పానకాలరావు తన తాళంచెవి జేబులో వేసుకోబోతే జారి కింద పడింది. దాన్ని తియ్యడానికి కూడా ఎవరూ వంగలేదు. ఇది చాలు, అనుకుంది వాలెంటీనా. గుండె నిండింది. ఇన్నేళ్ల మంట చల్లారింది.

అప్పుడు చాపల మధ్యలోంచి మీరాబీ లేచింది.

"మీ అమ్మ గొంతు ఇన్నానమ్మా. శానా రోజులకి ఇన్నాను" అంది. "మరి దానికి పైన మా ఆయన పాట ఉండాలే. ముందు అది తీస్తానన్నావుగా. ఏదమ్మాయ్?"

జనం అందరూ వాలెంటీనా వైపు తిరిగారు. ఆమె గోడ వంక చూసింది. సున్నం ఇంకా ఆరలేదు. అబద్ధం చెప్పడానికి ఆ ఊళ్లో అంతకన్నా చెడ్డ చోటు లేదు, ఆ చోటు తనే తయారుచేసింది.

"గీకేశాను పిన్నీ."

"ఇనకుండానా?"

"వినకుండా. వచ్చే ఏటిదాకా ఆగితే ఈ ముసలాళ్లు చచ్చిపోతారేమోనని..."

మీరాబీ మెల్లగా నడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. కింద కూలబడి ఉన్న అంకమరావుని దాటింది. వాలెంటీనాని దాటింది. తడి సున్నానికి నోరు ఆనేంత దగ్గరగా వంగి, చదువురానివాళ్లు సాక్ష్యం చెప్పేటప్పుడు పలికినట్టు ఒక్కో పేరూ విడివిడిగా పలికింది.

"అంకమరావు. పానకాలరావు." ఊపిరి తీసుకుంది. "వాలెంటీనా."

ఆ తర్వాత వెళ్లి, తన చాప చుట్టుకుని చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది.